చంటిపిల్లతో పైలట్ శిక్షణ: ఏది విడగొట్టవచ్చు, ఏది కూడదు

పైలట్ శిక్షణ సగంలో ఉండగా, ఇరవై మూడేళ్ళ వయసులో తల్లినయ్యాను. ఈ సంగతి తెలిసినవాళ్ళు సాధారణంగా రెండు మాటల్లో ఏదో ఒకటి అంటారు. "ఇంక విమానాలెందుకమ్మా, హాయిగా పిల్లను చూసుకో" అనేది మొదటిది. "రెండూ భలే బ్యాలెన్స్ చేస్తున్నావే" అనేది రెండోది. మొదటి మాటకు నవ్వి ఊరుకోగలను గానీ, నాకు అసలు పేచీ రెండో మాటతోనే. రోజులో ఇన్ని గంటలు బిడ్డకు, ఇన్ని గంటలు శిక్షణకు అని పంచిపెట్టుకుంటే పని జరిగిపోతుందన్న నమ్మకం అందులో ఉంది. పైలట్ శిక్షణ అలా సాగదు. అందులో ముక్కలు ముక్కలుగా, బిడ్డ పక్కన ఏడుస్తున్నా ఎలాగోలా చేసుకోదగిన భాగం ఒకటుంది. ఒకసారి మొదలుపెడితే అయ్యేదాకా ఆపకూడని భాగం మరొకటుంది. మొదటి భాగాన్ని పాప చంటితనంలోకి తెచ్చుకుని, రెండోదాన్ని మొహమాటం లేకుండా వెనక్కి నెట్టాను. నేను చేసిందంతా ఇంతే. ఎందుకలా చేశానో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఇదే పరిస్థితిలో ఉన్న అమ్మాయిలు అడిగే ప్రశ్నలకు ఫోన్‌లో అరకొరగా జవాబులు చెప్పి విసిగిపోవడం కూడా దీనికి ఒక కారణం.

కమర్షియల్ పైలట్ లైసెన్సుకు డీజీసీఏ (మన దేశపు పౌర విమానయాన నియంత్రణ సంస్థ) అడిగేవి ప్రధానంగా మూడు: వైద్య యోగ్యత, రాత పరీక్షలు, 200 గంటల ఫ్లయింగ్. ఎయిర్ నావిగేషన్, మెటియరాలజీ, ఎయిర్ రెగ్యులేషన్స్, టెక్నికల్ పేపర్లలో ఒక్కొక్కదానిలో 70 శాతం మార్కులు రావాలి. రేడియోలో మాట్లాడేందుకు కావలసిన లైసెన్సుకు వేరే పరీక్ష ఉంటుంది. 200 గంటల్లో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత పూర్తిగా మన మీదే వేసుకుని ఎగరాలి. అందులో 20 గంటలు క్రాస్ కంట్రీ, అంటే ఒక చోటి నుంచి మరో చోటికి దూర ప్రయాణం, ఉండాలి, వాటిలో ఒక ప్రయాణం 300 నాటికల్ మైళ్ళకు తగ్గకుండా, దారిలో రెండు వేర్వేరు ఎయిరోడ్రోముల్లో దిగి ఆగేలా ఉండాలి. బయటికి చూడకుండా ఇన్‌స్ట్రుమెంట్ల మీదే ఆధారపడి 10 గంటలు, రాత్రిపూట 5 గంటలు కూడా ఈ లెక్కలోనివే.

శిక్షణ సంస్థల బ్రోచర్లు ఈ అంకెలన్నీ చెబుతాయి. తల్లి కాబోయే అమ్మాయికి వీటికంటే ముఖ్యమైన రెండు గడువులు మాత్రం వాటిలో పెద్దగా కనిపించవు. లైసెన్సుకు దరఖాస్తు చేసే తేదీకి వెనక అయిదేళ్ళ లోపల చేసిన గంటలే ఆ 200 కిందికి వస్తాయి. పైలట్ ఇన్ కమాండ్ గంటల్లో కనీసం 15 చివరి ఆరు నెలల్లో చేసినవై ఉండాలి. మొదటి గడువు ఉదారమైనది. ఏడాదో, ఏడాదిన్నరో విరామం తీసుకున్నా లాగ్‌బుక్‌లో అంతకుముందు రాసుకున్న గంటలు మురిగిపోవు. రెండో గడువు కఠినమైనది. అన్నీ పూర్తయి కాగితాలు పెట్టే దశలో విరామం వస్తే మళ్ళీ డబ్బు పోసి ఎగరాల్సి వస్తుంది. కాబట్టి బిడ్డ కోసం ఆగవలసి వస్తే శిక్షణ నడిమధ్యలో ఆగడమే మేలు, ఆఖర్లో ఆగడం ఖరీదైన పని. నాకు కడుపని తెలిసేసరికి సోలో (ఇన్‌స్ట్రక్టర్ లేకుండా ఒంటరిగా ఎగరడం) దాటి క్రాస్ కంట్రీలు మొదలయ్యాయి. ఈ లెక్క ప్రకారం అది అంత చెడ్డ సమయమేమీ కాదు, అప్పట్లో ఎవరూ అలా అనకపోయినా.

తెలిసిన రోజే ఫ్లయింగ్ ఆపేశాను. సవ్యంగా సాగుతున్న గర్భమైతే 12వ వారం చివరి నుంచి 26వ వారం చివరి వరకు పైలట్‌ను యోగ్యురాలిగా పరిగణించవచ్చని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణం చెబుతుంది. అది రెండో పైలట్ పక్కన ఉండే, అనుభవజ్ఞులైన వాళ్ళకు పనికొచ్చే వెసులుబాటు అని నా అభిప్రాయం. సెస్నా 152 అనే చిన్న శిక్షణ విమానంలో ఒంటరిగా, మండుటెండలో కుదుపుల మధ్య, వేవిళ్ళతో క్రాస్ కంట్రీ చేయడం సాహసం కిందికి కూడా రాదు. ప్రసవం తరువాత మళ్ళీ వైద్య పరీక్షలు చేయించుకుని, యోగ్యత తిరిగి వచ్చాకే మళ్ళీ ఎగరాలి. బాలింతలకు రక్తహీనత మామూలే గనుక, ఆ పరీక్షకు వెళ్ళే ముందే హీమోగ్లోబిన్ చూసుకోవడం మంచిది. నేను వెళ్ళే ముందు మా ఊరి ల్యాబ్‌లోనే చూపించుకుని, తక్కువగా ఉందని తేలడంతో ఐరన్ మాత్రలు వాడి, తేదీని వెనక్కి జరుపుకున్నాను.

ఇక్కడ చట్టం గురించి ఒక మాట చెప్పాలి. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పటి నుంచి ఉద్యోగినులకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఉంది. అది ఉద్యోగినులకే. లక్షలు కట్టి నేర్చుకునే విద్యార్థినికి జీతమూ లేదు, సెలవూ లేదు; శిక్షణ సంస్థ మన సీటును, కట్టిన ఫీజును ఎన్నాళ్ళు నిలిపి ఉంచుతుందన్నది పూర్తిగా మనం సంతకం చేసిన ఒప్పందం మీద ఆధారపడి ఉంటుంది. మన దేశంలో మహిళా పైలట్లు సుమారు 15 శాతం ఉన్నారని, ప్రపంచ సగటుకు ఇది ఎంతో ఎక్కువని గర్వంగా చెప్పుకుంటాం. గర్వించదగినదే. వాళ్ళంతా ఒకప్పుడు విద్యార్థినులే, ఆ దశలో మాత్రం వాళ్ళకు ఏ రక్షణా లేదు.

కాన్పుకు పుట్టింటికి, తెనాలి వచ్చేశాను. గ్రౌండ్ పేపర్లు, అంటే ఆ రాత పరీక్షలవి, అన్నీ అక్కడే చదివాను. ఆ చదువు ఎలా సాగిందో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే పుస్తకాల్లో దొరికే టైమ్ టేబుళ్ళు బాలింతకు పనికిరావు.

మా అమ్మ పద్ధతి ప్రకారం బాలింత చెవుల్లో దూది పెట్టుకోవాలి, తలకు గుడ్డ కట్టుకోవాలి, చల్లగాలి తగలనివ్వకూడదు, పొద్దున్నే కాయం ముద్ద మింగాలి, అన్నిటికంటే ముఖ్యంగా కళ్ళకు శ్రమ పెట్టకూడదు. "అమ్మాయ్, పచ్చి బాలింతవి, నరాలు లాగేస్తాయి, ఆ పుస్తకం అవతల పెట్టు" అని రోజూ గొడవ. ఆఖరికి ఇద్దరం రాజీకి వచ్చాం: పురుడు వెళ్ళేదాకా పుస్తకం ముట్టను, వినడం మాత్రం వింటాను. రెగ్యులేషన్స్ పాఠాలు ఫోన్‌లో రికార్డు చేసుకుని, దూది ఒక చెవిలో ఉంచుకుని రెండో చెవిలోంచి తీసి వినేదాన్ని. అమ్మకు తెలుసు, చూడనట్టు ఉండేది. రేడియో పరీక్షకు మాత్రం పైకి మాట్లాడక తప్పదు. మన విమానాల గుర్తులన్నీ VT అక్షరాలతో, రేడియో భాషలో విక్టర్ టాంగోతో, మొదలవుతాయి గనుక ఇల్లంతా రోజూ విక్టర్ టాంగో మోగేది. ఆపద సందేశం సాధన చేస్తూ "మేడే, మేడే, మేడే" అని మూడుసార్లు అనగానే వంటింట్లోంచి అమ్మ, వీధి వరండాలోంచి నాన్న ఒక్కసారే పరుగెత్తుకొచ్చారు. ఆ మాట అర్థం వాళ్ళకు తెలియదు, నా గొంతు మాత్రం సరిగ్గానే అర్థమైంది. పరీక్షకు అదే కావాలి కదా అనుకున్నాను.

పేపర్లన్నిటికీ ఒకే రకమైన ఏకాగ్రత అక్కర్లేదని అప్పుడే తెలిసింది. మెటియరాలజీ, రెగ్యులేషన్స్ పాపకు పాలిస్తూ చదవవచ్చు. పశ్చిమ దిక్కు గాలుల అలజడులు, బంగాళాఖాతం వాయుగుండాలు, పొగమంచు రకాలు, విమానాశ్రయ దీపాల రంగులు, ఇవన్నీ ఒక పేజీ చదివి ఆపి, గంట తరువాత మళ్ళీ అందుకోగలిగినవి. నావిగేషన్ అలా కుదరదు. గాలి వాలు, నేలను బట్టి విమానం వేగం లెక్కగట్టే ఫ్లయిట్ కంప్యూటర్ అనే గుండ్రటి చేతి పలకను తిప్పడానికి రెండు చేతులూ కావాలి, ఒక చేతిలో బిడ్డ ఉంటుంది. పైగా లెక్క మధ్యలో లేస్తే మళ్ళీ మొదటికే రావాలి. అరవై మైళ్ళు వెళ్ళేసరికి ఒక మైలు పక్కకు జరిగామంటే దారి ఒక డిగ్రీ తప్పిందన్న సూత్రం మీద ఎన్నో లెక్కలు ఉంటాయి. బిడ్డ ఏడుపు విని లేచి వచ్చాక ఆ డిగ్రీని కూడాలో తీసివేయాలో గుర్తుండదు. అందుకే నావిగేషన్‌ను చివరికి ఉంచి, పాప పగటి నిద్ర ఒక పద్ధతికి వచ్చాక, ఆ నిద్ర వేళల్లోనే చేశాను. డీజీసీఏ పరీక్షలు ఏడాదిలో పలుమార్లు జరుగుతాయి గనుక అన్ని పేపర్లూ ఒకేసారి రాయాలన్న పట్టుదల అనవసరం. ఒక దఫాకు ఒకటో రెండో రాస్తూ పోతే బిడ్డకు ఏడాది నిండేసరికి రాత పని ముగిసిపోతుంది. నాకు అలాగే ముగిసింది.

ఫ్లయింగ్‌ను ఇలా నంజుకుంటూ తినలేం. రన్‌వే మీద దిగేటప్పుడు ముక్కు ఎప్పుడు ఎత్తాలో, ఎంత ఎత్తాలో చెప్పే జ్ఞానం చూపులోనూ చేతిలోనూ ఉంటుంది, నాలుగు వారాలు ఎగరకపోతే అది సడలిపోతుంది. వారానికొకసారి వెళ్ళి ఒక గంట ఎగిరి వద్దామనుకుంటే, ఆ గంటలో సగం పోయిన వారం మరిచిపోయింది గుర్తు చేసుకోవడానికే పోతుంది. ఇంజన్ తిరిగినంతసేపూ బిల్లు తిరుగుతూనే ఉంటుంది. విరామం తరువాత వచ్చిన విద్యార్థిని నేరుగా సోలోకు పంపరు, ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుని మళ్ళీ చెక్ చేశాకే పంపుతారు. కాబట్టి తరచూ ఆగితే తరచూ ఆ చెక్ ఖర్చు పడుతుంది. ఒకే పెద్ద విరామం తీసుకుంటే ఒక్కసారే పడుతుంది. నేను రెండోదాన్నే ఎంచుకున్నాను. వాన మబ్బులు కిందికి దిగే జూన్ నుంచి సెప్టెంబరు వరకు చాలా శిక్షణ సంస్థల్లో రోజులు వృథా అవుతాయి, ఉత్తరాదిలో డిసెంబరు, జనవరి పొగమంచు కూడా అంతే. పాప వేసవిలో పుట్టింది. మరుసటి ఏడాది వానలు వెనకబట్టాక, అక్టోబరులో, అది నడక నేర్చి, పూర్తిగా అన్నం తింటున్న దశలో నేను మా ఫ్లయింగ్ స్కూలు ఉన్న మహారాష్ట్రలోని చిన్న ఊరికి తిరిగి వెళ్ళాను. స్కూలుకు దగ్గర్లో రెండు గదుల వాటా తీసుకుని అమ్మనూ పాపనూ నాతోనే తీసుకెళ్ళాను. బిడ్డను ఊళ్ళో వదిలి వెళ్ళమని సలహా ఇచ్చినవాళ్ళు చాలామంది. అది తప్పని అనను, నాకు మనసొప్పలేదంతే. అమ్మకు హిందీ రాదు, మరాఠీ అసలే రాదు. నెల తిరిగేసరికి కూరల బండివాడు తోటకూరను తోటకూర అనే పిలవడం మొదలుపెట్టాడు.

తిరిగి వెళ్ళే తేదీని నిర్ణయించింది నిజానికి వాతావరణమో, వైద్య పరీక్షో కాదు, నిద్ర. ఈ విషయం మీద మనవాళ్ళు తగినంత మాట్లాడరని నా ఫిర్యాదు. విమానం ఎక్కే ముందు 12 గంటలపాటు మద్యం ముట్టకూడదన్న నిబంధన ఉంది, దానికి బ్రెత్ ఎనలైజర్ ఉంది, దొరికితే శిక్ష ఉంది. 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రచురించిన ప్రసిద్ధమైన అధ్యయనం ప్రకారం, 17 గంటలు మేలుకున్న మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి పనితీరు స్థాయికి పడిపోతుంది. మన దేశంలో కారు నడపడానికే 0.03 శాతం దాటకూడదు. అంటే రాత్రంతా దగ్గుతున్న బిడ్డను భుజాన వేసుకుని తిరిగిన తల్లి తెల్లవారి సార్టీకి (శిక్షణలో ఒక విడత ఎగరడానికి) వెళితే, ఆమె ఒక రకంగా తాగిన మనిషితో సమానం, తేడా ఏమిటంటే ఆమెను పట్టుకునే మీటరు లేదు. విమానయాన సంస్థల పైలట్లకు విశ్రాంతి నిబంధనలున్నాయి, 2025లో వాళ్ళ వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచారు కూడా. విద్యార్థిని ఇంట్లో ఎంతసేపు పడుకుందో ఎవరూ లెక్క పెట్టరు.

ప్రతి పైలట్‌కూ మొదట్లోనే నేర్పే 'ఐయామ్ సేఫ్' అనే చెక్‌లిస్టు ఒకటుంది. అనారోగ్యం, మందులు, ఒత్తిడి, మద్యం, అలసట, ఉద్వేగం, ఈ ఆరింటినీ ఎగరడానికి ముందు మనల్ని మనమే అడిగి చూసుకోవాలి. పెళ్ళికి ముందు దాన్ని నోటి పాఠంగా చెప్పేసేదాన్ని. తల్లినయ్యాక ఆరింటిలో అయిదు ప్రతి వారమూ నిజమైన ప్రశ్నలే. అందుకే ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. ఉదయం స్లాట్ ఉన్న రాత్రి పాప అమ్మ గదిలో పడుకుంటుంది, అది ఏడ్చినా నేను లేవను. ఈ నియమాన్ని రాయడం సులభం. గోడ అవతల "అమ్మా" అని వినిపిస్తుంటే పడుకుని ఉండడం ఎంత కష్టమో, మొదటి వారం నిద్ర అసలు పట్టక మరీ ఘోరంగా గడిచింది. తరువాత అలవాటైంది. ఒకసారి పాపకు జ్వరం వచ్చిన రాత్రి మాత్రం నియమం పక్కన పెట్టి, తెల్లవారుజామున స్కూలుకు ఫోన్ చేసి "సార్, ఈ రోజు నేను ఫిట్‌గా లేను" అని చెప్పాను. నా స్లాట్ ఇంకొకరికి వెళ్ళింది, మళ్ళీ నా వంతు వచ్చేసరికి చాలా రోజులే పట్టింది. ఆ నష్టాన్ని ముందే లెక్కలో వేసుకుని, అనుకున్నదానికి మూడో వంతు ఎక్కువ కాలం పడుతుందని ఇంట్లోవాళ్ళకు చెప్పి ఉంచడం వల్ల ఎవరూ ఏమీ అనలేదు.

ఈ ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు సరళా ఠక్రాల్ పేరు ఎత్తుతారు. 1936లో, ఇరవై ఒక్కేళ్ళ వయసులో, చీర కట్టుకుని లాహోరులో జిప్సీ మాత్ విమానాన్ని ఒంటరిగా నడిపిన ఆమెకు అప్పటికే ఒక చిన్న కూతురుంది. "ఆ రోజుల్లోనే చేసింది, నీకేం" అని నాకు ధైర్యం చెప్పడానికి ఈ కథ వాడతారు. నాకు ఆ కథలో ఆసక్తి కలిగించేవి వేరే రెండు. ఆమె మెట్టినింట్లో పలువురు పైలట్లు ఉన్నారు, భర్తే ఆమెను ప్రోత్సహించాడు. అంటే ఆమె ఎగురుతున్నప్పుడు ఇల్లు ఆమె వెనక ఉంది. రెండోది, 1939లో భర్త విమాన ప్రమాదంలో చనిపోయాక ఆమె కమర్షియల్ లైసెన్సు కోసం జోధ్‌పూర్ వెళ్ళింది గానీ, రెండో ప్రపంచ యుద్ధం వచ్చి పౌర శిక్షణ ఆగిపోవడంతో ఆ లైసెన్సు అందలేదు. బిడ్డ ఆమె దారికి అడ్డు రాలేదు, యుద్ధం వచ్చింది. చీర గురించి చెప్పేవాళ్ళు ఈ భాగాన్ని వదిలేస్తారు.

నా వెనకనున్న ఇంటి గురించి కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. మావారిది హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. కేంద్ర ప్రభుత్వోద్యోగులైన తండ్రులకు 15 రోజుల పితృత్వ సెలవుంది; ప్రైవేటులో అలా ఇవ్వాలన్న చట్టం లేదు, కంపెనీ దయ. ఆయన తన మామూలు సెలవులన్నీ కూడబెట్టి నా పరీక్షలకూ, ఇప్పుడు ఫ్లయింగ్‌కూ వాడుతున్నారు. అత్తయ్య మొదట ఒప్పుకోలేదు. "నలభై ఏళ్ళు వచ్చాక నడుపుతావా విమానం?" అని అడిగారు. పైలట్లు అరవై అయిదేళ్ళ వరకు నడపవచ్చని, లెక్కన నాకు ఇంకా నాలుగు దశాబ్దాలున్నాయని చెప్పినప్పుడు కొంచెంసేపు ఆలోచించి, "అయితే ఇంత తొందరెందుకు?" అన్నారు. ఆ ప్రశ్న నాకు అనుకూలమో ప్రతికూలమో ఈనాటికీ తేలలేదు.

తొందరకు కారణం అప్పు. బ్యాంకుల విద్యా రుణాల పద్ధతిలో ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి తనఖా పెట్టడం మామూలు. శిక్షణకే నలభై లక్షలు దాటిపోతుంది గనుక మా నాన్న తెనాలి ఇంటి దస్తావేజులు పెట్టారు. కోర్సు కాలం, ఆ పైన ఏడాది వరకు కంతులు కట్టనక్కర్లేదు గానీ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. మధ్యలో ఆగబోతున్నానని తెలియగానే బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పి, కోర్సు గడువు పొడిగించమని స్కూలు ఇచ్చిన లేఖ జతచేశాను. విరామంలో నెలనెలా వడ్డీ మాత్రం మావారి జీతంలోంచి కట్టుకుంటూ వచ్చాం. చేరబోయే వాళ్ళకు నేను చెప్పేది ఒకటే: ఫీజు మొత్తం ఒకేసారి కట్టకండి, ఎంత డిస్కౌంటు చూపించినా సరే. ఎగిరిన గంటలకు తగ్గట్టు దఫాలుగా కట్టేలా, వైద్య కారణాల వల్ల ఆగితే మిగిలిన డబ్బు, సీటు ఏమవుతాయో ఒప్పందంలోనే రాసి ఉండేలా చూసుకోండి. నోటిమాటగా "అదేం ఫర్వాలేదు మేడమ్" అన్నదానికి విలువ లేదు.

ప్రస్తుతం క్రాస్ కంట్రీలు పూర్తయ్యాయి. మిగిలినవి రాత్రి ఫ్లయింగ్, స్కిల్ టెస్టులు. ఆరు నెలల గడువు దృష్ట్యా వీటిని ఒకదాని వెంట ఒకటి పెట్టమని స్కూలును అడిగాను. ఇరవై ఆరేళ్ళ నాకు క్లాస్ 1 మెడికల్ ఏడాదికొకసారి చేయించుకోవాలి, అది కూడా ఈ నెలల్లోనే ముగుస్తుంది గనుక ముందే అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. రాత్రి సార్టీల వేళ సరిగ్గా పాప నిద్రపోయే వేళ, అది కథ చెబితే గానీ పడుకోదు, అమ్మ చెప్పే కథలు దానికి నచ్చవు. అందుకని ఆ వారానికి మావారు సెలవు పెట్టారు.